బక్కయ్య పత్తి ఏరిన రాత్రి

సిరోంచ సర్కారు దవాఖానాకు
రాత్రి పదిన్నరకు, కరెంటు పోయి వచ్చే మధ్యలో,
కొండగొర్ల బక్కయ్యను ట్రాలీ ఆటోలో తెచ్చారు.
పొద్దంతా ఎదురుగాలిలో పత్తికి మందు కొట్టాడట.
ముక్కుకు కట్టుకున్నది బిడ్డ పాత లంగా గుడ్డ.

కళ్లు కారుతున్నాయి. చొల్లు. చెమట.
మనిషి లోపలి తూములన్నీ ఎవరో
ఒక్కసారే ఎత్తేసి పోయినట్టు.
కంటిపాప ఆవగింజంత.

డాక్టర్ వాసేకర్ కూచోలేదు.
"అట్రోపిన్" అన్నాడు, "ఎన్ని ఉంటే అన్ని."
నేను ఆంప్యూళ్ల మెడలు విరుస్తూ నిలబడ్డాను.

ఉమ్మెత్తలో ఉండే సరుకే ఇది.
మా వార్డు వెనక పెంట మీద
పిలవకుండా మొలిచే తెల్లబూర పూల చెట్టు.
ఇక్కడివాళ్లు ధోత్రా అంటారు.
ఉన్మత్తమే నోళ్లలో నలిగి ఉమ్మెత్త అయిందని
మా తెలుగు పంతులు చెప్పాడు,
చెప్పి, ఇది పరీక్షలో రాదన్నాడు.
మా అవ్వ దాని ఎండుటాకు నిప్పుల మీద వేసి
ఆయాసానికి పొగ పీల్చేది.
బండ్లబాటన పోయేవాళ్ల పులుసులో
గింజలు నూరి కలిపే దొంగల కథా ఆమె చెప్పిందే:
లేచినవాడికి మూట ఉండదు,
మూట ఉండేదన్న సంగతీ గుర్తుండదు.
నది దాటితే కాళేశ్వరంలో
శివుడి నెత్తిన అదే పువ్వు.
చెట్టు ఒకటే. కొలత తెలిసినవాళ్లు తక్కువ.

ఆంప్యూల్లో మాత్రం ఈ కథలేవీ ఉండవు.
ఒక మిల్లీ నీళ్లు. అంతే.

పన్నెండుకు చెమట ఆరింది.
ఒకటిన్నరకు రొమ్ములో గురగుర తగ్గింది.
రెండింటికి కంటిపాప విప్పుకుంది,
నాలుక అట్టయింది,
అప్పుడు మొదలుపెట్టాడు.

దుప్పటి మీంచి ఏదో గిల్లుతున్నాడు
మూడు వేళ్లతో, చిప్పల మొనలు గుచ్చుకోకుండా,
తిప్పి, లాగి, ఎడమచేతికి ఇచ్చి.
దీనికి పుస్తకంలో ఒక పేరుంది, కేసుషీటులో రాశాను.
చూస్తే అది పత్తి ఏరడం.
వినాయకుణ్ణి నీళ్లలో వదిలి వారమే అయింది.
ఇంకా ఒక్క కాయా పగలని చేను.

"నర్సుగా, సంచి ఇటు జరుపురా" అంటున్నాడు పక్క సాలుతో.
నర్సు అంటే తమ్ముడట.
నాలుగేండ్ల కింద ప్రాణహితలో పడవ మునిగి పోయాడట.
చెప్పింది రాజుబాయి.

"పిచ్చి లేచిందా సిస్టర్?"
లేదు, మందు పట్టింది అన్నాను.
బతికే దారిలో ఈ ఊరొకటి తగులుతుంది,
అక్కడ దిగిపోనివ్వకుండా చూసుకోవాలి.
ఆమెకు అర్థమైందో లేదో.
కాసేపు అతడి చెయ్యి పట్టి ఆపింది. ఆగలేదు.
తర్వాత ఏం తోచిందో
మంచానికి జరిగి, కొంగు బొడ్లో దోపి
ఒడి పట్టింది.
అతడు పిడికిలి తెచ్చి అందులో విప్పాడు.
మళ్లీ. మళ్లీ.
బరువెక్కేకొద్దీ ఆమె కొంగు సర్దుకోవడం చూశాను.
వెళ్లి సెలైన్ మార్చి వచ్చి
మళ్లీ చూశాను.

తెల్లారి నీళ్లడిగాడు.
నేనెవరో అడిగాడు.
నర్సు పేరెత్తితే "వాడెక్కడున్నడు" అన్నాడు,
గోడవైపు తిరిగాడు.
చాలాసేపటికి, గోడనే అడిగినట్టు,
"ఎన్ని కిలోలైంది?"

రాజుబాయి నా వైపు చూడలేదు.
ఒడి దులుపుకుని లేచింది.
"ఇర్వై రెండు" అంది.
"తడి తీసేసి."