అనకాపల్లి వెళ్ళాడండి

అబద్ధం ఆడింది నేనే.
పెదవాల్తేరు, మూడో అంతస్తు, లిఫ్టు లేని మేడ.
గుమ్మం అవతల హేమసుందరి,
ఆమె గొడుగు నీళ్ళు మా చెప్పుల్లోకి కారుతున్నాయి.
"కూర్మారావు ఉన్నాడాండీ?"
"అనకాపల్లి వెళ్ళాడండి. రేపొస్తాడు."
కూర్మారావు బాత్రూంలో ఉన్నాడు,
తలంతా షాంపూ నురగతో,
కుళాయి కట్టేసి, ఊపిరి కూడా కట్టేసి.

ముగ్గురం ఎలా కలిశామో ఇంటి బ్రోకరుకే తెలియాలి.
కూర్మారావు కస్టమ్స్ ఏజెంటు దగ్గర గుమాస్తా.
గుడ్లకి లెక్క రాస్తాడు,
ఎవరు తిన్నారో, ఎవరు పచ్చసొన వదిలేశారో.
ఇమ్మానుయేలు జిమ్ములో కోచ్.
రోజుకి ఎనిమిది తింటాడు, ఒక్కటీ రాయడు.
అర్ధరాత్రి అతని ఫోను మూడు పేర్లతో మోగుతుంది,
ముగ్గురికీ ఒకటే "బంగారం".
నేను పోర్టులో ఆటుపోట్ల పట్టికలు రాసేవాణ్ణి.
నీరు ఎప్పుడు పొంగుతుందో నిమిషంతో సహా చెప్పగలను.
కింద క్లినిక్కులో పళ్ళ డాక్టరమ్మ
ఏ రోజు నవ్వుతుందో చెప్పలేక
బాగున్న పన్నొకటి పీకించుకున్నాను.

రాత్రిళ్ళు ఇమ్మానుయేలు హార్డ్ డిస్కులోంచి
లండన్ సీరియలొకటి.
అక్కడా ముగ్గురే, ఒకటే సోఫా, ఎవరి ప్రేమా కుదరదు.
ఎవరైనా తలుపు తీస్తే చాలు
కనపడని జనం గొల్లుమంటారు.
"ఎవర్రా ఈ నవ్వేవాళ్ళు? అద్దెలో వాటా ఇస్తారేటి?"
కూర్మారావు ప్రతి రాత్రీ అడుగుతాడు.

ఆ వేళ ఎవరూ నవ్వలేదు.
వాన తగ్గేదాకా అని హేమసుందరి లోపలికొచ్చి కూర్చుంది.
ఇమ్మానుయేలు ఉప్మా పెట్టాడు, నిన్నటిది.
నేను అల్పపీడనం గురించి మాట్లాడాను.
బాత్రూంలోంచి ఒక తుమ్ము.
"పిల్లి," అన్నాడు ఇమ్మానుయేలు.
"మీకు పిల్లుందా?"
"అనకాపల్లిదండి," అన్నాను నేను.

ఆమె ప్లేటు కింద పెట్టి
నేరుగా ఆ తలుపుకేసి చూసింది.
"పెళ్ళి మాటెత్తుతానని దాక్కోనక్కర్లేదని చెప్పండి.
గాజువాక వాళ్ళకి సరేనన్నాను.
అదిగో ఇదిగో అంటే రెండేళ్ళు నిలబడ్డాను,
కాళ్ళు లాగాయి.
ఈ కేరేజీ ఆయనది. ఇద్దామనొచ్చాను."
ప్లేటు కడిగి బోర్లించి మరీ వెళ్ళింది.

లిఫ్టు లేని మేడలో
మనిషి వెళ్ళిపోవడం చాలాసేపు వినిపిస్తుంది.

తర్వాత గడియ తీసిన చప్పుడు.
నురగ ఆరి చెవుల మీద అట్టకట్టింది,
ఇరవై తొమ్మిదేళ్ళవాడు ముసలాడిలా ఉన్నాడు.
కళ్ళు ఎర్రగా.
"షాంపూరా," అన్నాడు.
అవునన్నాం.

కేరేజీ తోమి, తుడిచి ఉంది.
అడుగు గిన్నెలో కొన్ని నోట్లు, కొంత చిల్లర,
చిన్న చీటీ:
"కైలాసగిరి రోప్‌వే, నా వంతు.
మురీ మిక్చరు, నా వంతు.
ఐస్‌క్రీము మీరే తిన్నారు."
రెండుసార్లు లెక్కపెట్టాడు.
సరిపోయింది. అదే వాడికి మింగుడు పడలేదు.

ఆ రాత్రీ సీరియలు పెట్టాం, ఇంకేం చెయ్యాలో తోచక.
ఎవడో తలుపు వెనక నక్కాడు, జనం గొల్లుమన్నారు.
"ఇక్కడ నవ్వెందుకు?" అన్నాడు కూర్మారావు.
ఇమ్మానుయేలు ఫోను మోగింది, కట్టేశాడు,
మళ్ళీ మోగింది.
హార్బరులో ఓడేదో పొడుగ్గా కూసింది.

"ఒరే," అన్నాడు నాతో, తెర మీంచి చూపు తిప్పకుండా,
"అనకాపల్లికి మొదటి బస్సు ఎన్నింటికి?"