అద్దాల బాల్కనీలో దోసపాదు

బ్రాత్స్క్‌లో ఫిబ్రవరి. బయట మైనస్ ముప్పై ఎనిమిది.
మా బాల్కనీలో దోసపిందెలు.

మనవడు రొదియోన్ ఆ గ్రాఫిక్స్ కార్డు కొన్నది ఆటకే.
రాత్రంతా డ్రాగన్లను చంపి
పొద్దున బడిలో కునికేవాడు.
తర్వాత నాణేలన్నాడు.
పంటితో కొరికి చూడ్డానికి లేని నాణేలు.
ఒకటి ఆరయ్యాయి కార్డులు,
అంగారా నది కరెంటు తాగుతూ
రేయింబవళ్ళు ఏవో లెక్కలు.
ఎవరి బాకీరా అవి? అంటే నవ్వాడు.
నాకు తెలిసిందల్లా ఆ వేడి,
పొదిగే కోడి కింద చెయ్యి పెట్టినట్టు.
విత్తనాలు నానేశాను.

నిన్న ఇర్కూత్స్క్ నుంచి ఒకాయన వచ్చాడు.
యంత్రానికి మాటలు నేర్పుతున్నారట,
ఎన్ని కార్డులున్నా చాలడం లేదట.
నాణెం ధర పడిపోయి ఉందేమో
వీడు బేరం కూడా ఆడలేదు.

పెట్టెల్లో సర్దే ముందు దుమ్ము నేనే తుడిచాను.
ఒకదాని ఫ్యాను రెక్కకి చుట్టుకుని
వేలెడంత దోసతీగ నులి.
తెంపబోయి, ఉండనిచ్చాను.
మాటలు నేర్చేదేగా,
దీన్నేమంటారో అడుగుతుందిలే ఎవర్నో.

రాత్రి పాదు మీద శాలువా కప్పాను.
తెల్లవారుజామున లేచి
ఏడు పిందెలూ కోసి ఉప్పునీటి జాడీలో వేశాను,
వేలంత కూడా లేవు.