గోరు తగిలేచోట

పాత చీరలో చుట్టి తెచ్చాడు ఎల్లాజీ,
హార్బరు నుంచి ఆటోలో, ఒళ్ళో పెట్టుకుని,
ఆటోనగర్‌లో నా షెడ్డుకి.
విప్పితే అద్దం కాదు,
అద్దమని అందరూ అనే యాక్రిలిక్ షీటు.
పడవలో చుక్కాని గదికి ముందుండేది.
పదేళ్ళ ఉప్పు, పదేళ్ళ ఇసక,
వాటిని తుడిచిన పదేళ్ళ గోనెపట్టా.

"పొద్దు ఎదురొస్తే ఏటీ అగుపడదు బాబూ,
అంతా తెల్లటి మంట.
మొన్న పక్కోడి వల మీంచి ఎక్కించీసినాను."
కొత్తది కొనుక్కోరాదా అన్నాను.
కొత్తదాని ధర అతనికి తెలుసు, నాకూ తెలుసు.
ఇద్దరం కాసేపు షీటునే చూశాం.

ముందు సబ్బునీళ్ళు. పొడిగుడ్డ తగలనివ్వను.
తర్వాత కళ్ళు మూసుకుని గోటితో తడుముతాను.
గోరు జారితే పైగీత,
గోరు ఆగితే లోతు.
కన్ను వెలుతుర్ని బట్టి మాట మారుస్తుంది,
గోటికి అంత తెలివి లేదు.

గాలితో తిరిగే శాండరు నాది.
నీళ్ళ పనికి కరెంటు మిషను పట్టుకోకురా అని
గురుమూర్తి మేస్త్రి చెప్పింది
చెప్పినందుకు కాదు, ఆయన చెయ్యి చూసి నేర్చుకున్నాను.
నొక్కకూడదు. మిషను బరువు మిషనుకి చాలు.
ఒక్కచోట ఆగావా, కాగి ముద్దైపోతుంది.

నాలుగు వందల నంబరు కాగితం.
కంప్రెసరు దడదడ. పైనుంచి సీసాలో నీళ్ళు చుక్కచుక్క.
షీటు మీద పాలు పొంగినట్టు తెల్లటి నీరు
నా మోచేతి దాకా.
ఒక్క గీత పోవాలంటే
దాని చుట్టూ లక్ష గీతలు గీయాలి.
దీన్ని గిరాకీకి ముందే చెప్పాలి, చెప్పడం మర్చిపోతాను.

"పాడుసేసీసినావు బాబూ!"
స్టూలు మీంచి లేచిపోయాడు ఎల్లాజీ.
నిజమే, ఆ క్షణాన
చందనం పూతలో మన సింహాద్రి అప్పన్నలా
ఏ రూపమూ లేకుండా కూచుంది షీటు.
కూర్చో, టీ తాగు అన్నాను.

ఆరు వందలు. ఎనిమిది వందలు.
నంబరు మారినప్పుడల్లా బకెట్లో నీళ్ళు మార్చాలి.
పన్నెండు వందల దగ్గర
వీధిలోంచి స్టీలు కడ్డీల లారీ ఒకటి పోయింది,
ఒకే ఒక్క రేణువు
కాగితం కిందికి ఎలా దూరిందో,
వంకీలు వంకీలుగా కొత్త గీత.
లారీని తిట్టి మళ్ళీ ఎనిమిది వందలకి దిగాను.

రెండు వేలు అయ్యేసరికి సాయంత్రం.
మైనం లాంటి కాంపౌండు, మెత్తటి ఫ్లానెలు,
తిప్పగా తిప్పగా
పొగమంచు ఒక మూల నుంచి లేచిపోవడం మొదలైంది.
షీటు వెనక గోడ మీది బ్యాంకు క్యాలెండరు,
అందులో అమావాస్య చుక్క,
అన్నీ అగుపించాయి.

ఎల్లాజీ వంగి చూశాడు. పక్కకి జరిగి చూశాడు.
గోరుతో నా లాగే తడిమాడు.
"గీతేది?"
ఏ గీత?
"నిలువుగా ఉండాల, ఎడం పక్క, బెత్తెడు.
రాత్రేళ తిరిగొచ్చీటప్పుడు
డాల్ఫిన్‌నోస్ దీపం సరీగ్గా దాని మీదకొస్తే
సుక్కాని తిప్పీడమే.
మా అయ్య మేకుతో గీసినాడు."
జీపీఎస్ ఉంది కదా అన్నాను.
"ఉంది."

గీతలు తియ్యమన్నావు కదా అన్నాను.
"ఔను. తియ్యమన్నాను."
కోప్పడి ఉంటే బాగుండేది.
రెండొందలు తక్కువిచ్చి, వేట నుంచొచ్చాక ఇస్తానని
అదే చీరలో చుట్టుకున్నాడు.

నెల దాటాక హార్బరుకెళ్ళాను,
రెండొందల కోసమే అనుకుంటూ.
ఎల్లాజీ ఐసు పెట్టెలు దించుతున్నాడు.
చుక్కాని గదిలో ఎవరూ లేరు.
కూర్చునే బల్ల మీద మడతపెట్టిన వల ఒకటి.
అయ్య ఇతనికన్నా పొడుగై ఉంటాడు.

అద్దం మీద నా పని మెరుస్తూనే ఉంది.
ఎడం పక్కన
అలవాటు కొద్దీ గోటితో తడిమాను.
ఆగింది.
ఇంకొంచెం జరిపాను, మళ్ళీ ఆగింది.
వేలెడు అవతల, మరొకటి, అన్నిటికన్నా లోతుగా.