దుప్పటి కొస

తీగ మీంచి నీళ్లు కారుతున్నాయి.
"సరిగ్గా పిండనేదు నువ్వు" అంది సన్యాసమ్మ.
కంచరపాలెంలో ఉప్పుగాలి.
పిండని బట్ట ఇక్కడ
రెండ్రోజులైనా ఆరదు.

పోర్టులో ముప్పయ్యొక్క ఏళ్లు
క్రేను నడిపినవాణ్ణి,
గోళ్ల సందుల్లో ఇనపరాయి పొడితోనే
అన్నం తిన్నవాణ్ణి.
తప్పు నాదేనని ఒప్పేసుకున్నాను.
డెబ్బై రెండు దాటాయి,
లీవరు పట్టిన చెయ్యి,
అరిగే ఉంటుంది.

మళ్లీ ఆదివారం
తీగ కింద మళ్లీ మడుగు.

కేజీహెచ్ ఎత్తు ఎక్కి
నా పేరు మీదే ఓపీ చీటీ రాయించాను.
ఫిజియోథెరపీ గదిలో హేమసుందరని ఓ పిల్ల,
ముల్లున్న ఇనప పిడి ఒకటి చేతికిచ్చి
"గట్టిగా నొక్కండి తాతగారూ,
ఊపిరి బిగబట్టకండి" అంది.
ముల్లు ఇరవై తొమ్మిది మీద ఆగింది.
"బాగానే ఉందే!"
నాలో క్రేను మెడ పైకి లేచింది.

అప్పుడు ఊరికే,
వెనకాల ఎవరూ లేరని,
"అమ్మగారూ, మీరూ ఒకసారి" అంది.

తొమ్మిది దగ్గర
ముల్లు కాసేపు వణికి
కూర్చుంది.

జ్ఞానాపురం వంతెన పక్క కొట్లో
రోజుకి ఐదు కేజీల మినప్పప్పు రుబ్బిన చెయ్యి అది.
పొత్రం తిప్పుతూ తిప్పుతూనే
ఏ గ్యాంగుమేనుకి ఎన్ని ఇడ్లీలు,
ఎవరి బాకీ ఎంత,
కాగితం లేకుండా అప్పగించేది.
నడుం నొప్పంటే గ్రైండరు కొన్నాం.
తరవాత కొట్టే మూసేశాం.
చేతికి సుఖం ఇచ్చామనుకున్నాం.

"మూడు మాటలు చెప్తానమ్మా, గుర్తుంచుకోండి.
గొడుగు. నిమ్మకాయ. గంట."
వందలోంచి ఏడేసి తియ్యమంది,
కాగితం మీద గడియారం గియ్యమంది,
ఆనక, "ఇందాకటి మాటలు?" అంది.

సన్యాసమ్మ నాకేసి చూసింది.
నలభై ఎనిమిదేళ్ల కాపరంలో
నన్ను సాయం అడగడం అదే మొదలు.
నా నాలుక చివర గొడుగు సగం తెరుచుకుంది.
అమ్మాయి వద్దన్నట్టు తల ఊపింది.

కండ కరిగితే బుర్రా కరుగుతుందా అని అడిగాను.
"అలా అని కాదు తాతగారూ.
చాలామందిలో రెండూ జతగా తగ్గుతుంటాయి.
ఏది దేన్ని లాగుతోందో
మాకూ పూర్తిగా తెలీదు.
కండనైతే ఈ వయసులోనూ అడగొచ్చు.
అడిగితే కొంచెం ఇస్తుంది."
తెలీదన్న మాట దగ్గరే
నాకా పిల్ల మీద గురి కుదిరింది.

ఇప్పుడు సాయంత్రమైతే
కుర్చీలోంచి పదిసార్లు లేవాలి,
చేతులు ఆన్చకూడదు.
బీచి ఇసక నింపిన నీళ్ల సీసాలు రెండు,
తడి తువ్వాలు ఒకటి.
"నానేటి కుస్తీకెల్తానా?" అంటుంది.
ఎనిమిది తరవాత మళ్లీ ఆరు అంటుంది.
నేను సరిదిద్దను.
రెండు ఎక్కువే లేస్తుంది కదా.

నాలుగు నెలలకి ముల్లు పదకొండున్నర.
రెండున్నర కేజీలు!
పోర్టులో అది లెక్కలోకే రాదు,
బెల్టు మీంచి గాలికి పోయే దుమ్ము.
వీధి వీధంతా చెప్పుకొచ్చాను.
ఈసారి వేరే మూడు మాటలు.
రెండు చెప్పింది.
మూడోదాని కోసం గోడకేసి చూసింది,
నాకేసి కాదు.

ఇవాళ పొద్దున డాబా మీద
ఆ కొస తను, ఈ కొస నేను.
దుప్పటి మోకులా మెలితిరిగింది.
తన మణికట్టు మీద నరం లేచింది.
నీళ్లు బుళుక్కున పడి నా కాళ్లు తడిశాయి.
అప్పుడంది, "గొడుగు" అని.

ఆకాశంలో మబ్బు తునక లేదు.
"ఎందుకే?" అన్నాను.
"ఆ పిల్ల అడిగింది కాదేటి."

దుప్పటి తీగకెక్కింది.
తన వేపునించి ఒక చుక్క.
చాలాసేపటికి
ఇంకొకటి.