బండి పుట్టిన ఏడు

గుర్రం వయసు పళ్లు చూసి చెబుతారు.
వోల్వో డుయెట్ వయసు
ముందు అద్దం చూసి చెబుతాను నేను.

ఉమెయోలో, ఆర్కైవ్ నేలమాళిగలో
నా ఉద్యోగం ఇదే, తేదీ లేని రీళ్లకి తేదీ పెట్టడం.
హ్యోర్డిస్ మొహాలు చూస్తుంది, టోపీలు చూస్తుంది,
గౌను అంచు మోకాలికి ఎంత కిందికుందో కొలుస్తుంది.
మొహాలకి మేకప్ ఉంటుంది.
బంపర్‌కి మేకప్ వెయ్యాలని ఏ దర్శకుడికి తోస్తుంది?

ఈ రీలుకి తల లేదు, పేర్లు లేవు.
డబ్బా మీద పెన్సిల్ రాత: పడవ రేవు, కథాకాలం 1955.
హీరోయిన్ ఉత్తరం చింపుతోంది. చింపనీ.
ఆమె భుజం వెనక కంకర రోడ్డు మీద
స్టేషన్ వ్యాగన్ ఒకటి దుమ్ము లేపుకుంటూ వస్తోంది.
ఆపి, నాలుగు ఫ్రేములు వెనక్కి తిప్పాను.

అద్దం మధ్యలో పుల్ల లేదు.
ఒకటే పలక, కాస్త వంపు.
అంటే అరవైకి ముందు పుట్టిన బండి కాదు.
యాభై ఐదులో ఏడుస్తున్న ఈ పిల్ల
ఇంకా తయారే కాని బండికి వీపు తిప్పి నిలబడింది.

బండి ఎడమ పక్కన నడుస్తోంది.
అంటే అరవై ఏడు సెప్టెంబరు ఇంకా రాలేదు,
దేశం దేశమంతా ఒక్క తెల్లవారుజామున
కుడి పక్కకి జరగలేదు.
స్టీరింగ్ మాత్రం అప్పుడూ ఎడమకే.
అందుకే డ్రైవర్ మోచెయ్యి
గట్టు గడ్డి మీదికి వేలాడుతోంది.

ఏడేళ్ల సందు. ఇంకా బిగించాలి.
నంబరు పలక మీద మా జిల్లా అక్షరాలు,
అంకెల్ని దుమ్ము మింగేసింది.
బండి దాటిపోతుంటే వెనక తలుపు కింద
సొట్ట.

ఆ సొట్ట నాది.

అరవై నాలుగు ఫిబ్రవరి, నాకు ఏడేళ్లు.
కాలితో తన్నుకుంటూ పోయే మంచుబండి మీద
వాలు దిగి, ఆపుకోలేక గుద్దాను.
నాన్న తిట్టలేదు.
లోపల్నుంచి చెక్క సుత్తితో కొట్టి కొట్టి
చివరికి రొట్టె ఆకారంలో మిగిల్చాడు.
"పోనీలే, బేకరీ బండే కదా" అన్నాడు.
డుయెట్ అంటే అదేనట, సరుకుకీ సంసారానికీ ఒకటే బండి.
కంపెనీ వాళ్ల మాట. ఆయనకి భలే నచ్చిన మాట.

ఈస్టర్‌కి ముందే అమ్మేశానన్నాడు,
షెలెఫ్టెయోలో ఎవరో చేపలాయనకి.
ఆ తర్వాత వారానికి రెండు రాత్రులు
పని మీద బస్సెక్కి వెళ్లేవాడు.

ఇక్కడ బిర్చ్ చెట్ల నిండా ఆకులు.
వెనక కిటికీలకి చారల తెరలు.
అమ్మ కుట్టినవి కావు, అమ్మకి చారలు గిట్టవు.
మోచేతి పైన చొక్కా మూడు మడతలు,
నాలుగోది బిగుతని ఆయన మడిచేవాడు కాదు.
తెర కదిలింది. గాలి కావచ్చు.
ఏడేళ్లదో, ఐదేళ్లదో
ఎవరిదైనా చెయ్యి కావచ్చు.
అంతలో బండి చట్రం దాటిపోయింది.

కార్డు మీద రాశాను: 1964, బహుశా జూలై.
ఆధారం అన్న గడిలో
ముందు అద్దం, రోడ్డు పక్క, ఆకులు.
కింద ఇంకో గీత ఖాళీగా ఉంది.

"మొహాలేమైనా పడ్డాయా?" కాఫీ పోస్తూ అడిగింది హ్యోర్డిస్.
లేదన్నాను.
ఒక మోచెయ్యి, అంతే.
రీలు మళ్లీ మొదటికి తిప్పాను.