ఇంకా నాలుగు దినాలే

షట్టర్ లేపి కంప్యూటర్ పెట్టంగనే
తెర మూలకెల్లి చిన్న డబ్బా లేస్తది:
ట్రయల్ ఇంకా నాలుగు దినాలే.
మిత్తికిచ్చినోడు సుత
గింత మర్యాదగ యాది చెయ్యడు.

నల్లగొండ గడియారం దాటి ప్రకాశం బజార్ల మళ్ళితే
జిరాక్స్ దుకాణం నెత్తిమీద నా గది.
ఇనుప మెట్లు, ఎండకాలం కాళ్ళు కాలుతయి.
పాత వర్షన్ల నాది పద్దెనిమిదేండ్ల చెయ్యి.
ఏ మీట కింద ఏ అక్షరముందో
నన్నడిగితే చెప్పలేను, నా వేళ్ళనడుగు.

సైదులు ఇరవై యేండ్ల పోరడు, వాని తొందర వానిది.
"మణెక్కా, కొత్తదాంట్ల ఒక్క నొక్కుడే.
పెండ్లిపిల్ల ఎనక బర్రె, బండి, సున్నం రాలిన గోడ
మొత్తం మాయం."
నిజమే, చూసిన.
ఒక్కో వెంట్రుక చుట్టు చుక్కలు పెట్టుకుంట
రాత్రి పదకొండు దాంక నేను కోసిన బర్రెలన్నీ
యాదికొచ్చినయి.
లీడర్ల కండువ రంగు మార్చుడంటవా,
అది ఏ వర్షన్లనైనా అల్కగనే అయితది.

సగం చింపిన పాంప్లెట్ ఎనక లెక్క రాసిన.
లగ్గం పత్రికకు మూడొందలు,
దినాల కార్డుకు నూటయాభై, అండ్లనూ బేరం చేస్తరు.
కొత్తది కొనుడు లేదట, నెలనెలా కిరాయట,
ఆపితే నేను గీసిన గీత నాకే తెరువదట.
గదికి కిరాయి సరే.
గీతకు గూడనా?

మొన్న పాత పత్రికొకటి దాంట్ల తెరిచి చూసిన.
చిరంజీవి కాడ డాలర్ గుర్తు,
లక్ష్మమ్మ కాడ రెండు కొక్కేలు, ఒక ప్రశ్న.
వత్తులన్నీ దొడ్డి తడిక తీసిన గొర్లు.
ముహూర్తం ఒక్కటే సక్కగ మిగిలింది,
అంకెలు గదా.

జిలానీ సాబ్ యాదికొచ్చిండు.
గోడల మీద, లారీల మీద, ఎరువుల దుకాణాల మీద
ఈ ఊరికి తెలుగు రాసిన చెయ్యి ఆయనది.
"వత్తు పెట్టేటప్పుడు ఊపిరి ఆపాలె బేటీ" అంటుండె.
ఫ్లెక్సీ మిషను వచ్చిన ఏడాది
కుంచెలు గ్యాసునూనెల కడిగి, గుడ్డల చుట్టి,
నా దుకాణం ముంగటికెల్లే ఇంటికి పోయిండు.
సలాం చేసిండు.
నేను చెయ్యి లేపలే, మౌసు మీద ఉండె.
ఆయనకు కొత్త వర్షన్‌ని నేనే గదా.

నిన్న పొద్దుగూకినంక సత్తెమ్మ వచ్చింది,
బస్టాండు కాడి యాదన్న టిఫిన్ సెంటర్ సత్తెమ్మ.
"బోర్డు మార్చాలె. మొగని పేరు తీసెయ్యి, నాది పెట్టు.
ఎందుకని అడగకు.
అచ్చరాలు మాత్రం గవే ఉండాలె,
జనం దూరంకెల్లి వాటిని చూసే బండి ఆపుతరు."

పన్నెండేండ్ల కిందటి బోర్డు.
ఫాంటు కాదది.
జిలానీ సాబ్ రాసిన రేకు ముంగట పెట్టుకొని
మౌసుతోటి, వంపు వంపు, వారం రోజులు గీసిన.

సైదులు అడగకుండనే కొత్తదాంట్ల నొక్కిండు.
తెరుచుకుంది.
ఒక్క వత్తు కదలలే.
‘న్న’ కింద తోక గూడ అట్లనే ఉంది,
గ్యాసునూనె వాసన ఒక్కటే తక్కువ.

ఇప్పుడు రాత్రి తొమ్మిది. కింద జిరాక్స్ బంద్ అయింది.
సత్తెమ్మకు ‘స’ సెంటర్లకెల్లి దొరికింది.
‘త్తె’, ‘మ్మ’ కొత్తగ గీయాలె.
సైదులు టిఫిన్ డబ్బా చేతుల పట్టుకొని
ఇంటికి పోకుండ నిలబడ్డడు,
ఏ తెర ముంగట కూసుంటనో చూద్దామని.

కూసున్న.
మకారం అయింది. కింద వత్తు.
ఊపిరి ఆపిన.

మూలకెల్లి డబ్బా ఏదో అనబోయింది.
జర ఆగు, అన్న.