బస్తా మీది తడి

మలక్‌పేట గంజ్‌ల ముప్పై ఏండ్లు
గడ్డలతోనే బతికింది మా అండాలు వదిన.
ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, సీజన్ల ఆలుగడ్డ.
పొద్దుగాల సద్దన్నంల గడ్డపెరుగు.
ఎవడన్న దబాయిస్తే
'నేను ఈ గడ్డ మీదనే పుట్టిన' అని ఒక్క కేక.

ఆషాఢంల ఎడమకాలు ఉబ్బింది.
పట్టగొలుసు తోలుల కూకున్నది.
దినమంత నిలబడుతవు గద, నరం పట్టి ఉంటది
అన్నడు మందులషాపు పిల్లగాడు.
జిందా తిలిస్మాత్ పోసి
పిక్కను గట్టిగ రుద్దిన నేను.
రుద్దొద్దని తర్వాత చెప్పిన్రు.
నా చేతులు ఇంకా ఆ మాట మర్వలేదు.

ఉస్మానియా దవాఖాన్ల
చల్లటి జిగురు రాసి చూస్తే
తెర మీద నల్లగ మూసీ లెక్క నరం,
ఒక జాగల పారుతలేదు.
"రక్తం గడ్డ కట్టింది" అన్నది డాక్టరమ్మ.
వదిన నవ్వింది,
"గడ్డలు నన్ను ఇడ్సిపెట్టవా తల్లీ?"

డాక్టరమ్మ నవ్వలే.
పడ్డవా? లేదు.
మంచాన పన్నవా? తీరికెక్కడిది.
ఆపరేషన్? దూరం బస్సు?
తిరుపతి పోదామని మూడేండ్ల సంది అనుకుంటనే ఉన్నం.
అన్నిటికి లేదు, లేదు అంటుంటే
మంచిదే గద అనుకున్న.
ఆమె పెన్ను ఆగింది.
"కారణం దొరకకపోవుడే నాకు భయం."

పొట్టకు స్కాన్ రాసింది.
కాలుకు నొప్పైతే కడుపుకు కట్టు కడతరా అని
నేను లొల్లికి దిగిన.
వదిన నా కొంగు గుంజింది.
"బస్తా మీద తడి కనవడితే
గోనెను తుడుస్తమానే?
కుమ్మరించి చూస్తం."

గర్భసంచి పక్కన, నిమ్మకాయంత.
నొప్పి లేదు, వాసన లేదు.
దాన్ని సుత గడ్డ అనే అన్నరు.

ఇప్పుడు పొద్దుమాపు
బొడ్డు పక్కన సూది నేనే పొడుస్తున్న,
రక్తం పలచగుండనీకె.
రెడ్‌హిల్స్ దవాఖాన్ల బేస్తవారం ఆపరేషన్.
తొందరగ దొరికిందా సారూ అంటే
దొరికింది అంటున్నరు.
తొందరగ అన్న మాట ఎవ్వరు అంటలేరు.

ఈ పొద్దు గంజ్‌కు ఒక్కదాన్నే పోయిన.
కర్నూలు లారీ దిగింది.
ఒంగి, బస్తా బస్తా అడుగంచు తడిమిన.
అన్నీ పొడిగనే ఉన్నయ్.

ఇంటికొచ్చి గడప మీద కూసొని
నా రెండు పిక్కలు
ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకున్న.